బిరడా లేని పీపాలు

ఖాళీ పీపాకి బిరడా కొట్టి పెట్టేవాడు మా ఫ్రేజర్‌బర్గ్ రేవు మొత్తంలో గిబ్బీ కార్డ్నో ఒక్కడే.

హెర్రింగ్ చేపల పీపాకి పొట్ట దగ్గర ఒక కన్నం ఉంటుంది, బొటనవేలు పట్టేంత. ఆడవాళ్ళు చేపల పేగులు తీసి, వరసకో గుప్పెడు ఉప్పు చల్లుతూ పీపా నింపుతారు. పది రోజులకి చేప కుంగుతుంది. అప్పుడు మళ్ళీ నింపి, ఆ కన్నంలోంచి ఉప్పునీళ్ళు పోసి, చెక్క బిరడా పెట్టి రెండు దెబ్బలు వేస్తారు. బిరడాతో పని అప్పుడే. పీపా కట్టినవాడు కన్నం తొలిచి ఊరుకుంటాడు, అంతటితో పీపా అయిపోయినట్టే. వాళ్ళ తాతల కాలం నుంచీ అంతే.

యుద్ధం నుంచి తిరిగొచ్చాక గిబ్బీ మాత్రం తను కట్టిన ప్రతి పీపాకీ బిరడా దిగ్గొట్టి గాని పక్కన పెట్టేవాడు కాదు. ఉప్పునీళ్ళు పొయ్యాల్సిన రోజుకి ఆ బిరడాలు ఉబ్బి బిగుసుకుపోయి ఉండేవి. వాటిని పీకలేక, అసలే ఉప్పుకి పుళ్ళు పడి గుడ్డపీలికలు చుట్టుకున్న ఆడవాళ్ళ వేళ్ళు ఇంకా చితికేవి.

"ఏం గిబ్బీ మావా! గాలిని ఊరబెడుతున్నావా ఏంటి?" అని చేపల యార్డు ఆ చివర నుంచి అరిచేది ఇసా టెయిట్. చేపలు కోసే ఆడవాళ్ళలో ఆమె కత్తీ పదునే, నోరూ పదునే. "ఎప్పటికి ఊరుద్దో చెప్పు, తలా ఓ ముక్క రుచి చూస్తాం."

"ఇంట్లో పెళ్ళాం ఎల్స్పెత్ నోటికి కొట్టలేక ఇక్కడ పీపాలకి కొడతన్నాడే పాపం," అని ఇంకొకామె.

గిబ్బీ తల ఎత్తేవాడు కాదు. "పీకే రోజున పిలవండి, నేనొచ్చి పీకుతా," అనేవాడు. అలాగే వచ్చేవాడు. వందల పీపాలకి ఒక్కడే వంగుని పీకేవాడు. నడుం పడిపోయినా సరే, మర్నాడు మళ్ళీ కొత్త పీపాలకి కొట్టేవాడు.

తిక్క అనుకున్నారు అందరూ. తిక్క కాదు.

గిబ్బీ పద్నాలుగో ఏట వాళ్ళ నాన్న యార్డులోనే పనిలో కూర్చున్నాడు. చేపల పీపాకి ఓక్ చెక్క కాదు, తెల్ల చెక్క. పలకలు చెక్కి, నిప్పు మీద వంచి, పట్టీలు దిగ్గొట్టి రోజుకి పది పీపాలు కట్టేవాడు. పని నేర్చుకోవడం పూర్తయిన రోజున మా ఊరి పద్ధతి ప్రకారం వాణ్ణి వాడు కట్టిన పీపాలోనే కూర్చోబెట్టి, మసీ బీరూ చేప పేగులూ నెత్తిన పోసి వీధంతా దొర్లించారు. బయటికొచ్చి కక్కుకుంటే పక్కన తమ్ముడు అలిక్ కడుపు పట్టుకుని నవ్వాడు. ఇద్దరికీ తొమ్మిదేళ్ళ తేడా.

పీపా పరీక్ష చెయ్యడం అన్నదమ్ముల జంట పని. చెంబెడు వేణ్ణీళ్ళు లోపల పోసి మూత బిగించి, కన్నానికి నోరు పెట్టి గిబ్బీ బలంగా ఊదేవాడు. వాడు నోరు తీసిన క్షణంలో అలిక్ బొటనవేలు కన్నంలో పెట్టెయ్యాలి. కాసేపాగి వేలు తీస్తే 'హుస్స్' మని గాలి బయటికొస్తే పీపా గట్టిది. చప్పుడు లేకపోతే ఎక్కడో కారుతోంది. గట్టిదైతే ఇనప ముద్ర కాల్చి మూత మీద వేసేవాళ్ళు. జి.సి. అని. అలిక్ వేలు ఎప్పుడూ జారేది కాదు. "నా వేలు లేకపోతే నువ్వు కట్టేవి పీపాలు కాదన్నయ్యా, జల్లెడలు," అనేవాడు.

ఆ పీపాలన్నీ ఎక్కడికి పోయేవనుకున్నారు? సగానికి సగం జర్మనీకి. హాంబర్గ్‌లో దిగి, లోపలి ఊళ్ళకి రైళ్ళలో పోయేవి. ముప్పై తొమ్మిదిలో యుద్ధం మొదలైంది. మా హెర్రింగ్ తినేవాళ్ళే మా మీదికి వచ్చారు. వేలకి వేలు ఖాళీ పీపాలు రేవులో గుట్టలు పడి ఎండకీ వానకీ నల్లబడ్డాయి. పడవల్ని నౌకాదళం లాక్కుంది. అలిక్ ఫిరంగి దగ్గర పనికి పోయాడు. గిబ్బీకి పని లేదు.

నలభైలో, చలికాలం మొదట్లో, నౌకాదళం వాళ్ళు ఆ పీపాల కోసం వచ్చారు.

'మొర్వెనా' అని ఒక ప్రయాణికుల ఓడ. పెద్దమనుషులు డాన్సులాడుతూ సముద్రాలు దాటిన ఓడ. దానికి బూడిద రంగు పూసి, అంతకుముందు జరిగిన యుద్ధం నాటి ముసలి ఫిరంగులు ఏడు బిగించారు. సరుకు ఓడల గుంపుకి కాపలాగా అట్లాంటిక్ మీద తిప్పుతారట. ఉక్కు కవచం లేదు. ఒక్క గుండు తగిలినా మునుగుతుంది. అందుకని అడుగున ఉన్న నాలుగు సరుకు గదుల్లోనూ ఖాళీ పీపాలు కుక్కితే, చిల్లులు పడ్డా కొంతసేపు తేలుతుందని ఎవడో లెక్క వేశాడు. తొమ్మిది వేల పీపాలు. గ్రీనక్ రేవులో ఎక్కించాలి. పెద్ద మేస్త్రీ గిబ్బీ.

గిబ్బీ ఒక్కో పీపా తడిపి, పట్టీలు బిగించి, తట్టి చూసి, మూత మీద తన ముద్ర వేసి గాని లోపలికి పంపలేదు. వంక పెట్టడానికి లేని పని. మూడో రోజున రేవు కూలీ ఒకడు భుజం మీద బస్తా మోసుకొచ్చి దించాడు.

"మేస్త్రీ, ఇలాంటివి పదకొండున్నాయి. చెక్క ముక్కలేవో. ఎక్కడ కొట్టాలివి?"

గిబ్బీ మూతి విప్పి చూసి నవ్వాడు. "బిరడాలురా. చేపలు నింపాక కొట్టేవి. చేపలున్నాయా ఇక్కడ?"

"నన్నడిగితే ఏం తెలుసు? ఇచ్చారు, మోశా."

"ఓడలో వడ్రంగి కొట్లో పడెయ్. ఓడ తిరిగొచ్చాక యార్డుకి పనికొస్తాయి."

అంతే. పద్దెనిమిదేళ్ళు ఖాళీ పీపాని కన్నంతోనే చూసిన చెయ్యి అది. తనిఖీకి వచ్చిన ఆఫీసరుకి పీపా అంటే ఏంటో తెలీదు. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుని సంతకం చేసి పోయాడు. ఆ ఓడలోనే వెనక ఫిరంగి దగ్గర అలిక్‌ని వేశారని తెలిసి గిబ్బీ కూడా వడ్రంగి జట్టులో పేరు రాయించుకున్నాడు. తమ్ముడితో పోతున్నాడని వాళ్ళమ్మ సంతోషపడింది కూడా.

రెండు ప్రయాణాలు ఏ గొడవా లేకుండా అయ్యాయి. మూడోది నలభై ఒకటి ఫిబ్రవరిలో. అట్లాంటిక్ అవతలి ఒడ్డున హాలిఫాక్స్ నుంచి ముప్పై ఆరు సరుకు ఓడలు బయల్దేరాయి: గోధుమలు, చమురు, కలప. వాటి మధ్యలో మొర్వెనా ఒక్కటే కాపలా. రెండో రోజు నుంచే గాలివాన పట్టుకుంది. తగ్గాక, ఒక పొద్దున గిబ్బీ లాంతరు తీసుకుని రెండో గదిలోకి దిగాడు, పీపాలు ఎలా ఉన్నాయో చూద్దామని. ఎక్కడో అతుకు ఊడి మోకాలి లోతు నీళ్ళున్నాయి. అడుగు వరస పీపాలు వాటిలో మునిగి ఉన్నాయి.

మునిగి ఉన్నాయి.

ఖాళీ పీపా నీళ్ళలో మునగదు కదా, పైకి తన్నాలి. గిబ్బీ ఒక పీపాని కాలితో తన్నాడు. 'ఢమ్' మనాల్సింది 'దబ్' మంది. పక్కదాన్ని తన్నాడు. దబ్. వంగి పొట్ట తడిమితే వేలు కన్నంలోకి దిగింది, చల్లటి నీళ్ళు తగిలాయి.

నిచ్చెన పట్టుకుని కూలబడ్డాడు. తొమ్మిది వేల పీపాలు. ఒక్కదానికీ బిరడా లేదు. ఈ ఓడకి చిల్లు పడితే పీపాలు దాన్ని తేల్చవు, తాగి తాగి దానితోపాటే దిగిపోతాయి. ఓడలో రెండొందల నలభై మంది. ఏదైనా అయితే పడవలు దించుకునే దాకా పీపాలు నిలబెడతాయని ధీమాగా ఉన్నారు. ప్రతి మూత మీదా జి.సి. అని ముద్ర.

ఇంతవరకూ పొరపాటు. మా ఊళ్ళో ఏ పీపా పనివాడైనా చేసేవాడే ఆ పొరపాటు. ఆ తర్వాత మూడు రోజులు మాత్రం గిబ్బీవి.

మూడు రోజులు వాడు ఎవరికీ చెప్పలేదు. వడ్రంగి కొట్లోంచి బిరడాలు జేబుల్లో కుక్కుకుని, తనిఖీ అని చెప్పి కిందికి దిగి ఒక్కడే కొట్టుకుంటూ కూర్చున్నాడు. రోజుకి రెండొందలకి మించి అయ్యేవి కావు, పీపాని తిప్పి, కన్నం వెతికి, ఇరుకులో సుత్తి ఆడించి. తొమ్మిది వేలకి ఎన్నాళ్ళు పడుతుందో లెక్క వేసుకోకుండా జాగ్రత్తపడ్డాడు. చెబితే ఏమవుతుంది? కెప్టెన్ పిలుస్తాడు. కూలీ అడిగితే నవ్విన సంగతి చెప్పాలి. ఊళ్ళో తెలుస్తుంది. కార్డ్నో పీపా అంటే ఒక పేరు. ఈ చలికాలం అంతా ఒక్క జర్మన్ ఓడ కూడా ఇటు రాలేదు కదా, ఈసారికి గట్టెక్కితే గ్రీనక్‌లో అన్నీ సరిచేసుకోవచ్చు. ఇదీ వాడి ఆలోచన.

మూడో రోజు సాయంత్రం పైన గది మూత దగ్గర అలిక్ తల కనిపించింది.

"ఎవరికన్నయ్యా శవపేట కడుతున్నావ్? చప్పుడు పైదాకా వినిపిస్తోంది."

"పోరా, పనుంది."

అలిక్ పోలేదు. నిచ్చెన దిగి, అన్న చేతిలో బిరడా చూశాడు. పీపా చూశాడు. కన్నం చూశాడు. వాడూ ఆ ఇంట్లో పుట్టినవాడే, చెప్పాల్సిన పని లేకపోయింది. ముందు నవ్వొచ్చింది వాడికి. గట్టిగానే నవ్వాడు.

"అన్నీనా?"

"అన్నీ."

నవ్వు ఆగిపోయింది. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

గిబ్బీ మూడు వేళ్ళు చూపించాడు.

"నీకేమన్నా మతుందా? నా ఫిరంగి నాలుగో గది నెత్తిన ఉంది. రోజూ అక్కడ నిలబడి టీ తాగుతున్నా, కింద మా అన్నయ్య పీపాలున్నాయ్ నాకేం భయం అని." అలిక్ గొంతు తగ్గించాడు. "ఇప్పుడే పోయి సరంగుకి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా. నువ్వే చెప్పు అన్నయ్యా."

ఓడ పనివాళ్ళందరి మీదా పెద్ద సరంగు రోరీ మెకాస్కిల్. స్కై దీవి మనిషి. యాభై దాటిన వయసు, ఎద్దు మెడ. అంతా విని కాసేపు గిబ్బీని ఎగాదిగా చూశాడు.

"నీకు తొమ్మిది వేల సీసాలిస్తే, అన్నిటికీ మూతలు తీసి సముద్రంలో వేసినట్టు చేశావు కదరా."

"అవును."

"ఎందుకు?"

"చేప లేకుండా బిరడా కొట్టం మేం."

రోరీకి నవ్వాలో తన్నాలో తెలియలేదు. "నీ చేప మొహం తగలెయ్యా! ఒడ్డుకి చేరాక నిన్ను నేనే తంతా, కెప్టెన్‌ దాకా ఎందుకు. సుత్తులెన్నున్నాయ్?"

ఎనిమిది మందినిచ్చాడు. ముందు వైపు గది నుంచి మొదలుపెట్టమన్నాడు. శత్రువు కనిపిస్తే కెప్టెన్ ఓడ ముక్కుని వాడి వైపు తిప్పుతాడు, దెబ్బలన్నీ ముందే తగులుతాయని లెక్క. లెక్క సరైనదే. నాలుగో గది ఆఖరున. గిబ్బీ నోటి దాకా ఒక మాట వచ్చింది: పైన మా తమ్ముడున్నాడు, దాన్ని ముందు చేద్దాం అని. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? మింగేశాడు.

అయిదు రోజులు గొడ్డుల్లా పనిచేశారు. వరసలు విప్పి, తిప్పి, కొట్టి, మళ్ళీ పేర్చి. ఎవడు ఏ మాటన్నా గిబ్బీ పడ్డాడు. "ఏం మేస్త్రీ, నీ పెళ్ళాం టీ కెటిల్‌కి మూత పెడుతుందా, అదీ నువ్వే తీసేస్తావా?" అని ఒకడంటే మిగతావాళ్ళు ఇరుకులో పడి నవ్వేవాళ్ళు. ఒకటో గది అయింది. రెండోదీ మూడోదీ అయ్యాయి. ఆరో రోజు పొద్దున నాలుగో గది మూత తీశారు. రెండు రోజుల పని మిగిలింది. ఆ మూడు రోజులూ నోరు మూసుకోకపోతే ముందురోజుకే అంతా అయిపోయేది. గిబ్బీకి ఈ లెక్క ఆ పొద్దునే తట్టింది. చచ్చేదాకా వదల్లేదు.

పదిన్నర దాటాక గంటలు మోగాయి.

ఉత్తరాన ఆకాశం అంచు మీద రెండు ఓడ స్తంభాలు. తర్వాత వాటి కింద నల్లటి గోడ. యుద్ధనౌక. పెద్ద ఫిరంగుల యుద్ధనౌక, సరుకు ఓడల్ని వేటాడ్డానికే వచ్చింది. దాని గుండు పదిహేను మైళ్ళు దాటి పడుతుంది. మొర్వెనా గుండు అందులో సగం పోతే ఎక్కువ. కెప్టెన్ ఓడల గుంపుకి చెదిరిపొమ్మని జెండా ఎత్తించి, పొగ డబ్బాలు నీళ్ళలో వదిలించి, మొర్వెనాని తిన్నగా దాని మీదికి తిప్పాడు. గెలుస్తానని కాదు. ఎంతసేపు తేలితే అంతసేపు అది మిగతా ఓడల వైపు పోకుండా అడ్డం ఉంటాడు. అంతే.

ఎంతసేపు తేలుతుందన్నది గిబ్బీ చేతిలో ఉంది.

సుత్తులు పారేసి మిగతావాళ్ళు తమ తమ చోట్లకి ఎగబాకారు. పైనుంచి రోరీ కేక వేశాడు. "గిబ్బీ! పైకి రా, ముందు వైపు నిప్పార్పే గొట్టాలు పట్టుకోవాలి."

"నా చోటు ఇదే."

"ఒరేయ్, నీకే చెప్పేది!"

"రాను సరంగూ. ఎన్నైతే అన్ని."

రోరీ ఒక్క క్షణం కిందికి చూశాడు. "చావు నీ పీపాల్తో," అని తల వెనక్కి తీసుకున్నాడు. మూత మాత్రం మూయించలేదు.

లాంతరు వెలుగులో గిబ్బీ ఒక్కడూ. తిప్పు, వెతుకు, పెట్టు, రెండు దెబ్బలు. సరిగ్గా నెత్తి మీద అలిక్ ఫిరంగి పేలడం మొదలైంది. ప్రతి పేలుడికీ ఉక్కు అంతా ఉలిక్కిపడి లాంతరు ఊగేది. దాన్ని బట్టే వాడికి తెలుస్తోంది తమ్ముడున్నాడని. ధన్. రెండు బిరడాలు. ధన్. రెండు బిరడాలు. ఒక్కోసారి మూడు. మధ్యలో ఓడ మొత్తం పక్కకి జరిగినట్టు ఊగేది, ముందు వైపు ఎక్కడో ఏదో చిరిగిన చప్పుడు. గుండ్లు తగులుతున్నాయి. అయినా నెత్తి మీద మళ్ళీ ధన్.

తర్వాత ఒక దెబ్బకి గిబ్బీ ఎగిరి పీపాల మీద పడ్డాడు. లాంతరు ఆరలేదు. లేచాడు. చెవుల్లో హోరు. బిరడా పెట్టాడు, కొట్టాడు. ఇంకోటి. ఇంకోటి. నెత్తి మీద చప్పుడు లేదు.

సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. నిచ్చెన చేతికందేంత దూరంలో ఉంది. ఇరవై మెట్లు. ఎక్కితే తమ్ముడు ఏమయ్యాడో తెలుస్తుంది. ఎంతసేపు అలా నిలబడ్డాడో వాడే తర్వాత చెప్పలేకపోయాడు. మళ్ళీ వంగి, కన్నం వెతికాడు. ఫిరంగి ఆగాక వాడు కొట్టిన బిరడాలు అరవై ఒకటి. ఆ అంకె మాత్రం ఎప్పుడడిగినా చెప్పేవాడు.

అప్పుడు గది వెనక గోడ పగిలింది. ఆకుపచ్చటి నీళ్ళు గోడలా వచ్చాయి. పీపాలు కదిలి ఒకదాన్నొకటి గుద్దుకుంటూ గిబ్బీ పక్కటెముకలు రెండు విరిచాయి. వాటి మధ్య నుంచి ఒక చప్పుడు వినిపించింది వాడికి, దాహంతో ఉన్న గొడ్డు తొట్టిలో మూతి పెట్టినట్టు. గుడ్, గుడ్, గుడ్. వందల పీపాలు నీళ్ళు తాగుతున్న చప్పుడు. పైనుంచి తాడు పడింది. రోరీ మాట తప్పి తిరిగొచ్చాడు. తిడుతూనే లాగాడు.

పైన అలిక్ ఫిరంగి పక్కకి ఒరిగి ఉంది. దాని చుట్టూ మనుషులు లేరు. మనుషులకి సంబంధించినవి కొన్ని ఉన్నాయి. గిబ్బీ చూశాడు, అంతకంటే చెప్పలేదు ఎప్పుడూ. రోరీ వాణ్ణి సముద్రంలోకి తోసి తనూ దూకాడు. గిబ్బీకి ఒక చెక్క తెప్ప దొరికింది. రోరీ మళ్ళీ కనిపించలేదు.

మొర్వెనా వెనకభాగం ముందు దిగింది. నాలుగో గది తాగేసింది కదా. కానీ ముందు మూడు గదులూ దిగనివ్వలేదు. ముక్కు గాలిలోకి లేచి, అలాగే నిలబడిపోయింది, ముప్పావు గంట. దాని మీద ఆ యుద్ధనౌక గుండ్లు వేస్తూనే ఉంది. ఈలోగా పొగ చాటున ముప్పై ఆరు ఓడలూ ముప్పై ఆరు దిక్కులకి పారిపోయాయి. అయిదు మాత్రమే దొరికాయి దానికి. ఆఖరికి మొర్వెనా కిందికి జారగానే గదుల మూతలు పగిలి పీపాలు సముద్రంలోంచి పైకి ఎగిరొచ్చాయి. బిరడా ఉన్నవి ఎత్తుగా తేలాయి. వాటిని పట్టుకున్నవాళ్ళు చాలామంది బతికారు. బిరడా లేనివి ఒక్కోటీ మనిషి పట్టుకోగానే దొర్లి, గుడ్ గుడ్ మని తాగి, పట్టుకున్నవాడి చేతుల్లోంచి కిందికి పోయాయి. గిబ్బీ తెప్ప మీద పడుకుని ఆ చప్పుడు వింటూనే ఉన్నాడు.

మూడింటికి నార్వే సరుకు ఓడ ఒకటి ధైర్యం చేసి వెనక్కి వచ్చింది. ఎనభై ఏడు మందిని ఏరింది. పక్కటెముకలకి గుడ్డ కట్టించుకుని గిబ్బీ డెక్కు మీదే కూర్చున్నాడు. ఎవర్ని లాగినా మొహం చూస్తున్నాడు. చీకటి పడేముందు వల వేసి ఒక పీపాని లాగారు. ఇద్దరు మనుషులు దానికి చెరో వైపు. ఒకడు బతికున్నాడు, ఓడ వంటింట్లో పనిచేసే గ్లాస్గో మనిషి, ప్యాట్ గారిటీ. రెండోవాడు అలిక్.

ప్రాణం పోయి ఎంతోసేపు కాలేదు. కుడిచేతి బొటనవేలు పీపా కన్నంలో ఉంది. రావడం లేదు. వేలూ ఉబ్బింది, చెక్కా ఉబ్బింది. నార్వే నావికుడు ఒకడు కత్తి తీశాడు.

"కత్తి పెట్టకు," అన్నాడు గిబ్బీ. భాష తెలియకపోయినా వాడు ఆగాడు. "పీపా విప్పుతా నేను. గొడ్డలీ ఉలీ ఇప్పించండి."

వంగలేని నడుంతో వంగి, పట్టీ అంచుకి ఉలి ఆనించి, గొడ్డలి మడమతో కొట్టాడు. చుట్టూ తిరుగుతూ, మెల్లగా, పద్ధతిగా. మొదటి పట్టీ జారింది, తర్వాత రెండోది. పలకలు పువ్వులా విచ్చుకుని డెక్కు మీద పడ్డాయి. అలిక్ చెయ్యి విడిగా వచ్చింది. మూత పలక మీద జి.సి.

పీపా లోపల పొడిగా ఉంది. చుక్క నీరు లేదు.

కిందికి తీసుకెళ్ళి వేడి సూపు ఇచ్చారు. గారిటీ పక్కన కూర్చున్నాడు, పళ్ళు టకటకలాడుతున్నా మాట ఆపలేకపోతున్నాడు. "ఆ ఫిరంగి కుర్రాడు లేకపోతే నేను లేను. ఫిరంగి దగ్గర గుండు పేలి సముద్రంలోకి విసిరేసిందట, కాలికి దెబ్బ తగిలింది వాడికి, అయినా వేలు తియ్యలేదు. మూడు గంటలు! కాసేపు నేను పెడతా తియ్యరా అంటే, నీకు చేతకాదు, ఇది మా ఇంటి పని అన్నాడు. ఏంటో దాని అర్థం. బిరడా కొట్టడం మరిచిపోయిన ఆ వెధవెవడో గాని అని నేను తిడుతుంటే నవ్వాడు. పనోడు మంచోడేలే అన్నాడు."

"ఆ వెధవని నేనే," అన్నాడు గిబ్బీ. "వాడు నా తమ్ముడు."

గారిటీ తన సూపు కప్పు గిబ్బీ ముందుకి జరిపాడు.

గ్రీనక్‌లో విచారణ జరిపారు. ఓడ ముప్పావు గంట నిలబడటానికి పీపాలే కారణమని, చాలా మెచ్చుకోదగ్గ పని అని ఆఫీసరు అన్నాడు. గిబ్బీ లేచి అంతా చెప్పాడు. బస్తాలు, కూలీ, నవ్వు, మూడు రోజులు. ఆఫీసరు కలం మూత పెట్టేశాడు.

"ఇది రాస్తే ఎవరికయ్యా మేలు?"

"మేలు కోసం చెప్పలేదండీ."

"కూర్చో."

రాయలేదు. రెండు నెలలకి మెచ్చుకోలు కాగితం టపాలో వచ్చింది. ఎల్స్పెత్ దాన్ని గడియారం వెనక దాచింది. తల్లికి గిబ్బీ దాచకుండా చెప్పాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని అంతా విని, ఒక్కటే అడిగింది. "వేలు బాగా నొప్పెట్టిందేమోరా వాడికి?"

"చలికి తెలియదమ్మా," అన్నాడు. వాడికి తెలుసో లేదో.

యుద్ధం అయ్యాక మళ్ళీ హెర్రింగ్ పట్టారు, మళ్ళీ పీపాలు కట్టారు. బిరడాల గొడవ అలా పదేళ్ళు నడిచింది. యాభై ఆరు వేసవిలో గారిటీ గిబ్బీని చూద్దామని మా ఊరొచ్చి, వాడు లేకపోతే యార్డులో కూర్చుని ఆడవాళ్ళకి కథంతా చెప్పేసి పోయాడు. ఆ మర్నాటి నుంచి ఒక్కరు కూడా గిబ్బీని ఒక్క మాటనలేదు. వాడు దగ్గరికి వస్తే మాటలు ఆపేసేవాళ్ళు. ఉబ్బిన బిరడాలు నోరెత్తకుండా తామే పీక్కునేవాళ్ళు. నాలుగు రోజులు భరించాడు గిబ్బీ. అయిదో రోజు ఇసా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"తిట్టవే."

"ఏంటి మావా?"

"గాలి ఊరిందా అని అడుగు. ఎప్పుడూ అడిగేదానివిగా."

ఇసా కత్తి పీపా మీద పెట్టి, గుడ్డలు చుట్టిన చేతులు గౌనుకి తుడుచుకుని, వాడి వెనకే పని చోటుకి నడిచింది. అక్కడ అప్పుడే మూత బిగించిన కొత్త పీపా ఉంది.

"ఊదు," అంది. "నేను వేలు పెడతా."

గిబ్బీ తల అడ్డంగా ఊపాడు. "నీకు చేతకాదు. ఇది మా ఇంటి పని."

వంగి కన్నానికి నోరు పెట్టి ఊదాడు. నోరు తీస్తూనే తన బొటనవేలే పెట్టుకున్నాడు. ఒంటరిగా చేస్తే కాస్త గాలి ఎప్పుడూ జారిపోతుంది. ఆగి, వేలు తీశాడు. హుస్స్ మంది. జేబులోంచి బిరడా తీసి రెండు దెబ్బలు వేశాడు.

"ఊరిందా మావా గాలి?" అంది ఇసా.

"ఇంకా లేదే," అని పక్క పీపాకి జరిగాడు.